పదో తరగతి జీవశాస్త్రం.. పెద్దలకూ పాఠమే!

ద్రవాభిసరణం, ఎర్ర రక్తకణాలు, మెండెల్ బఠాణీలు.. పరీక్ష రాసి బయటికి రాగానే చాలామంది మరచిపోయే మాటలివి. కానీ బిడ్డకు విరేచనాలైతే ఏం తాగించాలి? జలుబుకు యాంటీబయాటిక్ అవసరమా? మేనరికం కలుపుకొనే ముందు ఏ పరీక్ష చేయించుకోవాలి? వీటికి జవాబులు ఆ పాఠాల్లోనే ఉన్నాయి. ఇంట్లో పిల్లలు పరీక్షలకు సిద్ధమవుతుంటే వారితో పాటు పెద్దలూ ఓసారి తిరగేయటం మంచిది.

మాగాయ ఊట.. ఓఆర్‌ఎస్ పాఠం

మాగాయ కోసం మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే మర్నాటికి ఊట ఊరుతుంది. ముక్కల్లోని కణాల నుంచి నీరు బయటకు వచ్చేసిందన్నమాట. తొమ్మిదో తరగతిలో పెంకు కరిగించిన గుడ్డును ఉప్పు నీటిలో వేసి చూసే ప్రయోగమూ ఇదే. పలుచటి ద్రవం ఉన్న వైపు నుంచి చిక్కటి ద్రవం ఉన్న వైపునకు పొర గుండా నీరు కదలటమే ద్రవాభిసరణం.

మన పేగుల్లోనూ ఇదే జరుగుతుంది. విరేచనాలవుతున్న పిల్లలకు బాగా తియ్యగా ఉండే కూల్‌డ్రింకు, డబ్బా పళ్లరసం తాగిస్తే పేగులో ద్రవం చిక్కబడుతుంది. అప్పుడది ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి. మరి ఓఆర్‌ఎస్‌లోనూ గ్లూకోజు ఉంటుంది కదా? ఉంటుంది, కానీ లెక్క ప్రకారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వీటితో పాటు పొటాషియం, సిట్రేటు లవణాలు ఉంటాయి. పేగు గోడలోని కణాలు సోడియాన్ని, గ్లూకోజును జతగా లోపలికి తీసుకుంటాయి. వాటి వెంటే నీరూ లోపలికి వెళ్తుంది. అందుకే లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీటిలో కలపకూడదు. రుచి కోసం అదనంగా చక్కెర వేయకూడదు.

ఈ చిన్న సూత్రం ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో 1971లో తెలిసొచ్చింది. బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి, సెలైన్ నిండుకుంది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించే ఏర్పాటు చేశారు. అప్పటివరకు సుమారు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపునకు దిగొచ్చాయి.

కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ మీద ఏం రాసుందో చదవండి. ‘ఓఆర్‌ఎస్’ పేరుతో తియ్యటి పానీయాలు అమ్మటంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపొచ్చు. చిన్న టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం పడినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

120 రోజుల జీవితం

ఎర్ర రక్తకణం జీవితకాలం ఎంత? ఒక మార్కు ప్రశ్న. జవాబు, సుమారు 120 రోజులు. పరిణతి చెందిన ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు. అందువల్ల అరిగిపోయిన భాగాలను కొత్తగా తయారుచేసుకోలేదు. పాతవి పోతుంటే ఎముక మజ్జ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాలను తయారుచేస్తుంటుంది.

మధుమేహులు చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఆధారం ఈ 120 రోజులే. రక్తంలోని గ్లూకోజు ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. కణం బతికున్నంత కాలం ఆ గుర్తు ఉండిపోతుంది. కాబట్టి గత రెండు మూడు నెలల్లో చక్కెర సగటున ఎలా ఉందో ఈ పరీక్ష చెప్పేస్తుంది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసినా, స్వీట్లు ముట్టకపోయినా ఫలితం పెద్దగా మారదు. ఇది 5.7 శాతం లోపుంటే మామూలు. 5.7 నుంచి 6.4 వరకు ముందస్తు మధుమేహం. 6.5, అంతకు మించితే మధుమేహం. అయితే ఎర్ర కణాల ఆయుష్షు మారితే ఈ లెక్కా తప్పుతుంది. ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారు, రక్తహీనత, తలసీమియా, సికిల్ సెల్ సమస్య ఉన్నవారు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

రక్తహీనత విషయంలోనూ ఈ పాఠం గుర్తుంచుకోవాల్సిందే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు పది రోజులు వేసుకొని, నీరసం తగ్గలేదని మానేసేవారు చాలామంది. కొత్త కణాలు తయారవటానికి వారాలు పడుతుంది. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా ఒంట్లో ఐరన్ నిల్వలు నిండటానికి మరికొన్ని నెలలు మాత్రలు అవసరమవుతాయి. డాక్టర్ చెప్పేవరకు ఆపొద్దు.

గోడ ఉన్నదీ.. గోడ లేనిదీ

బ్యాక్టీరియా ఒక కణం. దానికి కణకవచం ఉంటుంది. ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోములు ఉంటాయి. వైరస్ అసలు కణమే కాదు. ప్రొటీను తొడుగులో దాచిన జన్యు పదార్థం మాత్రమే. మన కణంలోకి దూరి, మన యంత్రాంగంతోనే తన సంతతిని పెంచుకుంటుంది.

యాంటీబయాటిక్ ఎప్పుడు పనిచేస్తుందో ఈ తేడాతోనే తెలిసిపోతుంది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుకుంటుంది. మన కణాలకు ఆ గోడ లేదు కాబట్టి వాటి జోలికి పోదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని పరిశోధక బృందం నుంచి 1948లో వచ్చిన ఆరియోమైసిన్ బ్యాక్టీరియా రైబోజోముల మీద పనిచేస్తుంది. వైరస్‌కు గోడా లేదు, సొంత రైబోజోములూ లేవు. ఇక యాంటీబయాటిక్ దేన్ని దెబ్బతీస్తుంది? మామూలు జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్ జబ్బులు. టైఫాయిడ్, క్షయ బ్యాక్టీరియా జబ్బులు. మందుల దుకాణంలో అడిగి రెండు మాత్రలు తెచ్చుకుంటే జలుబు తగ్గదు సరికదా, పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా దెబ్బతింటుంది.

‘పరిణామం’ పాఠం కూడా ఇక్కడ కలుపుకోవాలి. బ్యాక్టీరియా అన్నీ ఒకేలా ఉండవు. మందుకు లొంగేవి ముందు చస్తాయి. తట్టుకునేవి మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం ఇదే. చాలీచాలని మోతాదు వాడితే మందుకు లొంగని బ్యాక్టీరియా పుట్టుకొస్తుందని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు. అందుకే యాంటీబయాటిక్ డాక్టర్ రాస్తేనే వాడాలి. రాసినన్ని రోజులూ వాడాలి.

‘నాలుగింట ఒకటి’ అంటే..

పొడవు బఠాణీ మొక్కల్లో దాగిన పొట్టి లక్షణం తర్వాతి తరంలో బయటపడటాన్ని మెండెల్ గమనించారు. 1866లో ప్రచురించారు. అంతర్గత లక్షణం కనబడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి.. రెండు జన్యువులూ అలాంటివే రావాలి. తలసీమియా, సికిల్ సెల్ జబ్బులు వచ్చేదీ ఇలాగే. ఒక్క జన్యువే మారినవారిని వాహకులంటారు. చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. కొందరికి స్వల్ప రక్తహీనత ఉండొచ్చు, అంతే. కానీ వాహకులైన ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకులయ్యే అవకాశం 50 శాతం, రెండూ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం.

చాలా కుటుంబాలు పొరబడేది ఇక్కడే. ‘నాలుగింట ఒకటి కదా, మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక తర్వాతి వారికి రాదు’ అనుకుంటారు. ఇది వాటా కాదు. నాణెం ఎగరేసిన ప్రతిసారీ బొమ్మకూ బొరుసుకూ సమాన అవకాశం ఉన్నట్టే, ప్రతి కాన్పులోనూ ఆ 25 శాతం మళ్లీ మొదటికొస్తుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే తాతముత్తాతలుంటారు కాబట్టి, ఒకే లోపం ఉన్న జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. తీవ్ర తలసీమియా గల పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. దీన్ని ముందే పసిగట్టటానికి ఒక రక్తపరీక్ష చాలు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే ఈ పరీక్షను పెళ్లికి ముందు, కనీసం గర్భం ధరించిన తొలి వారాల్లో చేయించుకోవాలి. ఇద్దరూ వాహకులైతే గర్భస్థ శిశువుకు జబ్బు ఉందో లేదో తెలుసుకునే పరీక్షలున్నాయి. సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ఆరంభించింది. దీని కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ఏజెన్సీ ప్రాంతాల వారు తప్పక చేయించుకోవాలి.

ఆడపిల్ల పుడితే కోడలిని నిందించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంట్లో చదవాల్సిన పాఠమూ ఇందులోనే ఉంది. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణాల్లో సగం ఎక్స్, సగం వై. ఏది అండాన్ని చేరుతుందన్నదాన్ని బట్టే ఆడా, మగా తేలుతుంది. దాన్ని నిర్ణయించటం ఎవరి చేతుల్లోనూ లేదు.

పునశ్చరణ ఇలా..

* చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. పుస్తకం మూసి రాయబోతే తెలుస్తుంది ఎంత వచ్చిందో. గుండె, నెఫ్రాన్, కణం బొమ్మలను చూడకుండా గీసి, భాగాలు గుర్తించమనండి. తర్వాత పుస్తకంతో సరిచూసుకోవాలి.

* ఒకే రోజు మూడు గంటలు కూర్చోవటం కన్నా మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి తిరగేస్తే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

* ‘ఏమిటి’ అని కాదు, ‘ఎందుకు’ అని అడగండి. ఎర్ర కణంలో కేంద్రకం లేకపోతే ఏమవుతుంది? ఉప్పు నీటిలో గుడ్డు ఎందుకు ముడుచుకుంటుంది?

* ఇంట్లోని రక్తపరీక్ష కాగితం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్, మందుల చీటీ ముందు పెట్టి, పాఠంలో ఎక్కడున్నాయో చెప్పమనండి. నానమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్టే. అయితే చికిత్స నిర్ణయం మాత్రం డాక్టర్‌దే. ఆయన చెప్పింది అర్థం చేసుకోవటానికి, సరైన ప్రశ్న అడగటానికి ఈ చదువు తోడ్పడుతుంది.