ఇంజను మార్చే హక్కు ఎవరిది?

సూరత్ నగరానికి దక్షిణాన, ఉద్నా నుంచి సచిన్ వైపు సాగే రహదారి మీద ఉన్ అనే పేట ఒకటి ఉన్నది. మరమగ్గాలను నమ్ముకొని సూరత్‌కు వలసపోయి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల సంగతి పాఠకులకు కొత్త కాదు. అటువంటి కుటుంబానికి చెందిన పాఠకులొకరు ఉన్ నుంచి ఒక లేఖ రాశారు. తండ్రిగారు 1989లో కొన్న పెట్రోలు అంబాసిడరు ఇప్పటికీ వారింట ఉన్నదట. ఎత్తు ఎక్కేటప్పుడు నీలిపొగ కక్కుతున్నది, ఆయిలు తాగుతున్నది. ఒక మేస్త్రీ, ఇంజను దించి బోరు కొట్టిస్తే మరో పదేళ్లు ఢోకా లేదంటున్నాడు. మరొక మేస్త్రీ, ఆ పాత ఇంజనుకు డబ్బు తగలేయవద్దు, తుక్కుకు వచ్చిన మరో బండి నుంచి మంచి ఇంజను తెచ్చి బిగిస్తానంటున్నాడు. ‘మీరు ఢిల్లీలో ఉన్నారు కదా, చట్టం ఏమంటున్నదో చెప్పండి’ అని ఆ పాఠకుల కోరిక.

చూడటానికిది షెడ్డులో తేలవలసిన విషయం. కాని గత పాతికేళ్లలో పార్లమెంటు చేసిన సవరణలు, సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు, కేంద్ర ప్రభుత్వం వెలువరించిన నోటిఫికేషన్లు కలిసి దీనిని షెడ్డు నుంచి ఢిల్లీకి లాక్కొని వచ్చినవి.

మొదట ఆ ఇంజను సంగతి. ఉత్తరపాడలోని హిందుస్థాన్ మోటార్స్ వారు 1958లో అంబాసిడరును విడుదల చేసినపుడు దానిలో ఉన్నది 1476 సి.సి. సైడ్‌వాల్వు ఇంజను. మరుసటి ఏడాదే దానిని తీసివేసి, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన 1489 సి.సి. ఇంజనును పెట్టారు. లైసెన్సుల రాజ్యంలో పోటీ అన్నది లేనందువల్ల ఆ ఇంజను మూడు దశాబ్దాలకు పైగా పెద్ద మార్పు లేకుండా సాగిపోయినది. 1983లో మారుతి వచ్చి బజారును తలకిందులు చేసిన తరువాత గాని యాజమాన్యానికి కనువిప్పు కలుగలేదు. 1990 దశకం తొలి సంవత్సరాలలో జపాను ఇసుజు వారి 1817 సి.సి. ఇంజనును, అయిదు గేర్ల పెట్టెతో సహా, అదే పాత దేహంలో అమర్చారు. అప్పటికే, 1985లో, ప్రీమియర్ వారు ఫియట్ 124 శరీరానికి నిస్సాన్ ఇంజను తగిలించి 118 ఎన్‌ఇ అనే పేరుతో అమ్మారు. దేహం ఇటలీది, గుండె జపానుది. కొనుగోలుదారులకు మాత్రం అది సరికొత్త కారు! అంటే, పాత బండికి పరాయి ఇంజను పెట్టడం మన దేశంలో మేస్త్రీలు కనిపెట్టిన విద్య కాదు. కంపెనీలే చూపిన దారి.

ఆ దారిని కంపెనీ పట్టవచ్చును గాని బండి యజమాని పట్టరాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌ను 2000లో సవరించారు. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలకూ తేడా వచ్చే విధంగా యజమాని బండిని మార్చరాదని ఆ సెక్షన్ సారాంశం. కేరళకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇదే విషయాన్ని నిష్కర్షగా తేల్చి చెప్పినది. అదే సంవత్సరం చట్టానికి తెచ్చిన సవరణలో జరిమానా సంగతి కూడా చేర్చారు. అనుమతి లేని ప్రతి మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇక ప్రమాదం జరిగినపుడు బీమా కంపెనీ ముందుగా చూసేది కాగితంలోని ఇంజను నంబరూ బండిలోని నంబరూ ఒకటేనా అన్నది.

అయితే ఈ సెక్షన్‌లోనే రెండు కిటికీలు తెరిచి ఉంచారు. మొదటిది ఇంధనం మార్చుకునేవారికి. గ్యాసుతోగాని, బ్యాటరీతోగాని నడిచేటట్లు ఆమోదం పొందిన కిట్టును బిగించుకోవచ్చును. ఢిల్లీ బస్సులన్నిటినీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి.కి మార్చాలని సుప్రీంకోర్టు 1998 జూలైలో ఆదేశించిన సందర్భాన్ని చూసినవారికి ఈ మినహాయింపు ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. ఢిల్లీలోని అంబాసిడరు టాక్సీలు ఎన్నో డిక్కీలో సిలిండరు పెట్టుకొని అదే పాత ఇంజనుతో గ్యాసు మీద నడిచినవి.

రెండవది మరింత ఆసక్తికరమైనది. పదికి తక్కువ కాకుండా రవాణా వాహనాలు ఉన్నవారికి, రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా అనుమతిస్తే, అదే తయారీ, అదే రకం ఇంజనును రవాణా అధికారి ముందస్తు ఆమోదం లేకుండానే మార్చుకొనే వెసులుబాటు ఉన్నది. మన ఆర్.టి.సి.లను దృష్టిలో పెట్టుకొని చూస్తే ఇది అర్థవంతమైన ఏర్పాటే. ఉప్పల్‌లో, కరీంనగర్‌లో, విజయనగరంలో ఉన్న జోనల్ వర్క్‌షాపులలో ఇంజన్లను విప్పి, బాగుచేసి, తిరిగి డిపోలకు పంపుతూ ఉంటారు. డిపోలో బస్సు ఇంజను మొరాయిస్తే దానిని దించి, సిద్ధంగా ఉన్న మరొక ఇంజనును బిగించి బస్సును రోడ్డెక్కిస్తారు. దించిన ఇంజను వర్క్‌షాపుకు పోతుంది. ప్రతిసారీ ఆఫీసు చుట్టూ తిరగవలసి వస్తే బస్సులు డిపో దాటవు. కాని పది బండ్లు ఉన్నవానికి దొరికే నమ్మకం ఒక్క బండి ఉన్నవానికి ఎందుకు దొరకరాదన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. దొంగబండ్ల బెడద ఒక కారణం అయి ఉండవచ్చును. ఇంజను నంబరు మారితే దొంగకు సగం పని తీరినట్లే గదా!

మగ్గం పట్ల ప్రభుత్వం చూపిన ఔదార్యం ఇక్కడ గుర్తుకు రాకమానదు. సాదా మరమగ్గానికి కొత్త పరికరాలు బిగించి ఉన్నచోటనే ఆధునికీకరించుకొనే వారికి కేంద్రం రాయితీ ఇచ్చినది. 2017లో ప్రారంభమైన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో దానికి చోటు కల్పించారు. చట్రం పాతది, పనితనం కొత్తది. సూరత్ తెలుగువారికి ఇది కరతలామలకం. మగ్గం నడిబజారులో పరుగెత్తదు, ఎవరినీ గుద్దదు అన్న తేడా ఉన్నమాట నిజమే. అయినా ఒకే ప్రభుత్వం ఒకచోట డబ్బిచ్చి ప్రోత్సహించిన పనిని ఇంకొకచోట నేరంగా ఎంచడం చూస్తే, ఆ రెండు మంత్రిత్వశాఖల వారు ఎన్నడైనా ఒక బల్ల చుట్టూ కూర్చున్నారా అనిపించక మానదు.

ఇక షెడ్డు లెక్క. బోరు కొట్టించడమంటే సిలిండర్ల అరుగుదలను కొలిచి, లేత్ షాపులో వాటిని మరికొంచెం వెడల్పు చేసి, ఆ కొలతకు తగిన ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయడం. అంగుళంలో వెయ్యో వంతును లెక్కగా తీసుకొని ఇరవై, నలభై అంటూ సైజులు చెబుతారు. ఆఖరి సైజు కూడా అయిపోతే స్లీవులు దింపి మళ్లీ మొదటి కొలతకు తేవచ్చును. క్రాంకును గ్రైండు చేసి, దానికి తగిన బేరింగులు వేసి, హెడ్డు చదును చేసి, వాల్వులకు కొత్త కూర్పు ఇస్తారు. 1489 ఇంజను ఇటువంటి పనికి అనువైనది. మందపాటి పోత ఇనుము. ఎలక్ట్రానిక్స్ గొడవ లేదు. బ్లాకు పగలనంతవరకు దానికి చావు లేదని మేస్త్రీలు చెప్పేది ఊరికే కాదు.

రెండు జాగ్రత్తలు మాత్రం అవసరం. ఆ ఇంజను సీసం కలిపిన పెట్రోలు రోజులలో పుట్టినది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే దొరుకుతున్నది. సీసం వాల్వు పీటలకు రక్షణగా ఉండేది. హెడ్డు ఎలాగూ దించుతున్నారు గనుక గట్టి లోహపు పీటలు వేయించడం మంచిది. రెండవది ఇథనాలు. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2030 నుంచి 2025కు ముందుకు జరిపి సాధించినది. పాత రబ్బరు గొట్టాలకు, పెట్రోలు పంపులోని డయాఫ్రంకు, కార్బురేటరు వాషర్లకు ఇథనాలు గిట్టదు. వాటిని తట్టుకొనే రకం వేయించకపోతే వేలు పోసి చేయించిన ఇంజను దారిలో ఆగిపోతుంది. అంతకంటె ముఖ్యం, కారుతున్న పెట్రోలు మంటకు దారితీయవచ్చును.

ఇంజను మార్పిడి వైపు కూడా చెప్పుకోదగ్గది లేకపోలేదు. ఇసుజు ఇంజను బలం ఎక్కువ. అదే దేహంలో కంపెనీయే దానిని అమర్చినది గనుక అతుకుబొతుకుల పని తక్కువ. అయితే ఇంజనుతోపాటు గేర్లపెట్టె, మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు అన్నీ మారాలి. పెరిగిన వేగానికి పాత బ్రేకులు చాలవు. మేస్త్రీ చెప్పే మొదటి ధరలో ఇవేవీ ఉండవు. 1489 ఇంజనుతో రిజిస్టరైన బండికి 1817 ఇంజను పెడితే కాగితంలోని సి.సి. అంకె సైతం తప్పవుతుంది. దానిని అదే రకమని ఏ అధికారీ అనలేడు.

నా అభిప్రాయం దాచుకోను. బ్లాకు బాగుంటే పాత ఇంజనునే బాగుచేయించుకోవాలి. నంబరు మారదు, ఎవరి గడపా తొక్కనక్కరలేదు. బ్లాకు పగిలి ఉంటే అదే 1489 ఇంజనును, అమ్మినవారి రసీదుతో సహా తీసుకొని, బిగించక ముందే రవాణా కార్యాలయంలో అనుమతి పొందాలి. బిగించిన తరువాత వెళితే మాట వేరుగా ఉంటుంది.

అయితే ఇంజనును ఎంత బాగుచేసినా బండి వయస్సు తగ్గదు. ఈ నిజాన్ని అందరికంటె ముందు తెలుసుకొన్నవారు ఢిల్లీవాసులు. పదిహేనేళ్లు దాటిన బండ్లు ఢిల్లీలో తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 నవంబరులోను, పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2015 ఏప్రిల్‌లోను ఉత్తర్వులిచ్చినది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని బలపరచినది. 2025 జూలై 1 నుంచి అటువంటి బండ్లకు పెట్రోలు బంకులలో ఇంధనం పోయరాదన్నారు. గగ్గోలు పుట్టి కొద్ది రోజులకే వాయిదా వేశారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు, కేవలం వయస్సును బట్టి యజమానులపై బలవంతపు చర్యలు తీసుకోవద్దన్నది. డిసెంబరు 17న ఆ రక్షణను భారత్ స్టేజ్ 4, ఆపై ప్రమాణాల బండ్లకే పరిమితం చేసినది.

వయస్సు నుంచి ప్రమాణానికి మారిన ఈ ఆలోచన మునుపటికంటె న్యాయమైనది. ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు నడిచిన పదహారేళ్ల కారు పాపిష్ఠిది, లక్ష నడిచిన తొమ్మిదేళ్ల కారు పుణ్యాత్మురాలు అనడంలో హేతువు లేదు. కాని పాత బండ్ల అభిమానులు కూడా ఒక మాట ఒప్పుకోవాలి. బోరు కొట్టించిన 1489 ఇంజను నీలిపొగ మానుతుందే గాని భారత్ స్టేజ్ 4 కాజాలదు. దానికి కాటలిటిక్ కన్వర్టరు లేదు. అది పుట్టిననాటికి ఆ ప్రమాణాలే లేవు.

గుజరాత్‌కు ఢిల్లీ నియమం వర్తించదు. ఉన్ పేటలో బండి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే అయిదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చును. అయినా ఖర్చు పెరుగుతున్నది. పదిహేనేళ్లు దాటిన కారు పునర్నమోదు రుసుము 600 రూపాయల నుంచి 2022 ఏప్రిల్‌లో 5,000కు, ఇరవయ్యేళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకైతే 2023 ఏప్రిల్ నుంచి పొడిగింపే లేదు. ఒకప్పుడు పార్లమెంటు ఆవరణలో బారులు తీరిన తెల్ల అంబాసిడర్లు ఆ విధంగా కొలువు చాలించినవి. 2014 మే నెలలో ఉత్తరపాడలో తయారీయే ఆగిపోయినది.

మన తెలుగునాట మరో పాత బండి చరిత్రకెక్కినది. 1982లో ఎన్.టి. రామారావు ఒక పాత షెవర్లే వ్యానును తీర్చిదిద్దించి ‘చైతన్యరథం’ అని పేరుపెట్టి ఊరూరా తిరిగారు. మరుసటి జనవరిలో హైదరాబాదులోనే కాదు, ఢిల్లీలోనూ దాని చప్పుడు వినబడినది. ఆనాటికి 52వ సెక్షన్ పుట్టలేదు.

పాతవాటి పట్ల ప్రభుత్వానికి ప్రేమ బొత్తిగా లేదని కూడా అనలేము. 2021 జూలైలో వచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కార్లు, మోటారు సైకిళ్లు వింటేజి వాహనాలుగా నమోదు కావచ్చును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. వాటిని నిత్యం రోడ్డు మీద తిప్పరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రం తీయవచ్చును. బండి మొదటి రూపంలోనే ఉండాలి. చాసిస్‌లోగాని, బాడీలోగాని, ఇంజనులోగాని పెద్ద మార్పు జరిగి ఉండరాదు. 1989లో రోడ్డెక్కిన అంబాసిడరుకు ఆ అర్హత 2039లో వస్తుంది.