కాగితపుఁ జంద్రుఁడు

అమావాస్యనాఁడు చంద్రుఁడేల కనఁబడఁడని తరగతిలో నడిగినచో, భూమి నీడ వానిపైఁ బడుటచేత నని పలువురు బాలురు తడుముకొనక చెప్పుదురు. ఇది తప్పు. భూమి నీడ చంద్రునిపైఁ బడుట పున్నమనాఁడే సంభవించును. దానినే చంద్రగ్రహణ మందుము. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి కలిగిన సంపూర్ణగ్రహణ మట్టిదే. ఈ భ్రమ మాటలతోఁ బోదు; చేతితోఁ ద్రిప్పి చూచినచోఁ బోవును. అందులకై యొక యాటవస్తువును జేయు విధము చెప్పెదను.

పాత శుభలేఖల యట్టలు, నల్లకాగితము, కత్తెర, మైదాపిండి యుడికించిన జిగురు, కొంచెము నూలు కావలెను. మగ్గములున్న మన మంగళగిరిలో నూలునకుఁ గొఱఁత లేదు.

ఒక యడుగు వెడల్పు, అడుగున్నర పొడవు గల యట్టను గోడకు నిలువుగా వ్రేలాడఁదీసి, పైయంచున సూర్యుని అంటింపుఁడు. క్రిందియంచునుండి యేడంగుళముల యెత్తున, నాలుగంగుళముల భూబింబమును, దానితోఁ గూడ నొక సన్నని యట్టబద్దను నూలుముడితో బిగింపుఁడు. బద్ద త్రిప్పినచోటనే నిలుచునంత బిగువుండవలెను. భూమి నడిమినుండి యైదంగుళముల దూరమున, బద్ద కొనకు, రెండంగుళముల తెల్లని చంద్రుని అంటించి, భూమివైపు అంచున కుందేటి గుర్తు వ్రాయుఁడు.

ఇఁక ముఖ్యమైన పని. చంద్రునంత నల్లబిళ్లను సగమునకుఁ గత్తిరింపుఁడు. కాని నడుమ గోరంత నాలుక మిగుల్పుఁడు, లేనిచో దారమునకుఁ జినుఁగును. ఆ నాలుకకు రంధ్రము చేసి చంద్రుని నడుమ వదులుగాఁ గట్టి, వంపుటంచున నాలుగైదు పొరల యట్టముక్క నతికింపుఁడు. ఆ బరువుచేత నల్లసగము ఎప్పుడును క్రిందికే, అనఁగా సూర్యునకుఁ బెడగా, వ్రేలాడును. మొదట నేను నల్లకాగితమును చంద్రునికే అంటించితిని. పున్నమకుఁ ద్రిప్పఁగా సూర్యుని కెదురైన మొగమే చీఁకటియయ్యెను! చీఁకటి చంద్రుని సొత్తు కాదు. కుందేలు మాత్రమే వానిది.

బద్దను పైకిఁ ద్రిప్పుఁడు: కుందేలు చీఁకటిలో నుండును, అది యమావాస్య. ఎడమవైపుగా క్రిందికిఁ ద్రిప్పుఁడు: కుందేలు వెలుఁగులోనికి వచ్చును, అది పున్నమ. ప్రతిదినమును చంద్రుఁడు సగము వెలుఁగుచునే యున్నాఁడు. ఉదయమున మన గాలిగోపురమును తూర్పునుండి చూచినవారికి ఎండ, పడమటనుండి చూచినవారికి నీడ కనఁబడును గదా, గోపురము మాఱలేదు.

2023 జులై 14న శ్రీహరికోటనుండి బయలువెడలిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగెను. అప్పుడు శుక్లపక్షపు సగము చంద్రుఁడు. బద్ద యెడమకు అడ్డముగా నుండవలసిన కాలము. దిగినచోటఁ దెల్లవాఱి యెంతో కాలము కాలేదు. అచ్చటి పగలు ఇంచుమించు మన పదునాలుగు దినములు. యంత్రములకు ఎండయే యాధారము. బద్దను కుడివైపునకుఁ జేర్పుఁడు, చీఁకటి యెట్లు క్రమ్మునో తెలియును. సెప్టెంబరు 4న విక్రమ్‌ను నిద్రపుచ్చిరి. అది మరల మేల్కొనలేదు.

ఈ యాటవస్తువు రెండు విషయములలో బొంకును. చంద్రుని మార్గ మించుమించు ఐదు భాగములు వాలియున్నదని చూపదు. ఆ వాలుచేతనే ప్రతిపున్నమకును గ్రహణము రాదు. కొలతలును సరికావు. భూమి నాలుగంగుళములైనచో చంద్రుఁ డంగుళమునకుఁ గొంచె మెక్కువై పదియడుగుల దూరమున నుండవలెను. సూర్యునకు ముప్పదియాఱడుగుల బిళ్ల కత్తిరించి, ముప్పాతిక మైలు దూరమున నిలుపవలెను.