రేడియం ఎజైడ్ – వేడికి లొంగేది, లొంగనిది

ఆవర్తన పట్టిక 2వ గ్రూపులో మెగ్నీషియం, కాల్షియం, బేరియంల కింద అట్టడుగున కనిపించే మూలకం రేడియం. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు దీన్ని కనుగొన్నారు. దాని సమ్మేళనాల్లో ఒకటైన రేడియం ఎజైడ్ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

మూడు నైట్రోజన్ పరమాణువులు వరుసగా కలిసి ఒక రుణావేశం పొందితే అది ఎజైడ్ అయాన్. రేడియం అయాన్‌కు రెండు ధనావేశాలు కనుక రెండు ఎజైడ్ అయాన్లు దానితో కలుస్తాయి. ఈ తెల్లని ఘనపదార్థం వేడికి నిలవదు. నైట్రోజన్ పరమాణువులు జంటలుగా విడిపోయి వాయువైపోతాయి. సీసం ఎజైడ్‌ను డిటొనేటర్లలో వాడేది ఈ గుణం వల్లనే. 1910లో జర్మన్ శాస్త్రవేత్త ఎబ్లర్ రేడియం ఎజైడ్‌ను గాలి తీసేసిన పాత్రలో 180–250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి, నైట్రోజన్‌ను వెళ్లగొట్టి రేడియం లోహాన్ని రాబట్టాడు.

నైట్రోజన్ పోయింది. మరి రేడియోధార్మికత? ఇసుమంతైనా తగ్గదు. బంధాలు ఎలక్ట్రాన్లకు సంబంధించినవి, రేడియోధార్మికత కేంద్రకానికి సంబంధించినది. మన తుళ్లూరు కళ్లాల్లో మిరపకాయ ఎండితే తేమ పోతుంది గానీ కారం పోతుందా? ఇదీ అంతే. రేడియం-226 సగానికి తగ్గాలంటే దాదాపు 1600 ఏళ్లు పట్టాల్సిందే.

ఇది మనకెందుకు అంటారా? కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. యురేనియం క్షీణించే క్రమంలో పుట్టేదే రేడియం. ఖనిజం నుంచి యురేనియం తీశాక రేడియం చాలావరకు వ్యర్థపు బురదలోనే మిగిలిపోతుంది. ఆ బురద చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. గని సంస్థ ఆ ఆరోపణను ఒప్పుకోలేదు.

ఎక్కడైనా నీటిలో రేడియం కలిస్తే ఆ నీటిని కాచినా లాభం లేదు. కాల్షియంను పోలినది కాబట్టి ఒంట్లోకి వెళ్లి ఎముకల్లో చేరుతుంది. అయితే ఆ పోలికే మనకు ఉపాయం కూడా అవుతుంది. నీటి కాఠిన్యాన్ని పోగొట్టే అయాన్ మార్పిడి పద్ధతి రేడియాన్నీ పట్టేస్తుంది. అలా పట్టినదాన్ని మళ్లీ భద్రంగా దాచాలి.

కేంద్రకాన్ని మార్చడం రసాయన శాస్త్రం వల్ల కాదు. దాన్ని తాగే నీటి నుంచి వేరుచేయడం మాత్రం దాని చేతిలోనే ఉంది. మన తమ్ముళ్లు, చెల్లెళ్లలో కొందరైనా ఈ చదువు చదివి, పల్లెల నీటిని పరీక్షించి నిజం చెప్పగలవారు కావాలని కోరుకుంటున్నాం.