పూర్తి వేగం ఎప్పుడు?

ఒక వర్షాకాలపు సాయంత్రం మా సంఘ యౌవనస్థులతో కలిసి హుస్సేన్ సాగర్ ఒడ్డున తెరచాప పడవల పోటీ చూచాము. ఉన్నట్టుండి గాలి పెరిగి ఒక చిన్న పడవ బోల్తాపడింది. ఇద్దరు పిల్లలు నీళ్లలో పడ్డారు. మా గుండెలు ఆగినంత పనైంది. వెంటనే రక్షక పడవ ఇంజను హోరుమంటూ దూసుకుపోయింది. పిల్లలను సమీపించగానే ఆ హోరు ఆగిపోయింది. ఇద్దరూ క్షేమంగా పైకి వచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఆ పడవ నింపాదిగా వచ్చింది. "అయ్యగారూ, అంత శక్తి ఉండగా ఈ నడకేమిటి?" అని ఒక తమ్ముడు అడిగాడు. మేము పడవ నడిపే ఆయననే అడిగాము.

ఆయన చెప్పినది ఇది. పడవ వెనుక బిగించే ఈ ఇంజన్లు చాలావరకు నిమిషానికి 5000 నుండి 6000 చుట్లు తిరిగేలా తయారవుతాయి. పూర్తి వేగం తప్పు కాదు. కానీ కొత్త ఇంజనును మొదటి 10 గంటలు అదేపనిగా పూర్తి వేగంతో నడపరాదు. లోపలి భాగాలు ఒకదానితో ఒకటి సర్దుకోవాలి. 10 గుర్రాల ఇంజను పూర్తి వేగంలో గంటకు సుమారు 4 లీటర్ల పెట్రోలు తాగుతుంది. కొంచెం తగ్గిస్తే ఎంతో ఆదా.

ఇంజను పక్కనుండి పడే సన్నని నీటిధారను కూడా కనిపెట్టాలి. చల్లబరిచే నీరు లోపల తిరుగుతోందనడానికి అదే గుర్తు. గుర్రపుడెక్కో ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ధార ఆగితే ఇంజను వేడెక్కి పట్టేస్తుంది.

చివరగా తన చేతికి కట్టుకున్న ఎర్రతాడు చూపించాడు. నడిపేవాడు జారిపడితే ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. తాడు లేకపోతే ఖాళీ పడవ గిరగిర తిరుగుతూ పడినవాని మీదికే రావచ్చు. నీళ్లలో ఉన్న మనిషికి తిరిగే ఫ్యాను కత్తితో సమానం. అందుకే పిల్లల దగ్గర ఇంజను ఆపివేశాడు.

మన కోస్తాలో అప్పుచేసి ఇంజను కొన్న మత్స్యకార కుటుంబాలెన్నో ఉన్నాయి. వారికి ఈ మాటలు అన్నంతో, ప్రాణంతో ముడిపడినవి. ఆపద నిమిషంలో పూర్తి శక్తి అందాలంటే మిగతా గంటల్లో దానిని కాపాడుకోవాలి. ఆ తమ్ముడు మారుమాట్లాడకుండా తల ఊపాడు.