బావినీళ్లు కట్టిన ఊరు – జహ్రా

చలికాలంలో సెలవురోజున ముత్లా వైపు టెంట్లకు వెళుతుంటే దారిలో జహ్రా వస్తుంది. "ఇక్కడేముంది నాన్నా, అంతా ఇసుకేగా!" అంటారు పిల్లలు. నిజం చెప్పాలంటే పెద్దవాళ్లమైన మనకూ అంతకంటే ఎక్కువ తెలియదు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటాం, ఇక్కడి నీళ్లే తాగుతాం, కానీ ఈ నేల కథ మాత్రం మనకు పట్టదు. ఆ కథ కొంచెం చెప్పుకుందాం.

ఎక్కడుంది?

కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. మన జిల్లాల్లాగా ఇక్కడ ఆరు గవర్నరేట్లున్నాయి. వాటిలో జహ్రాయే అన్నిటికంటే పెద్దది. దేశంలో సగానికి పైగా నేల దానిదే. జహ్రా పట్టణం కువైట్ సిటీకి పడమరగా సుమారు 32 కిలోమీటర్ల దూరంలో, కువైట్ అఖాతం చివర ఉంది. దానికి ఉత్తరాన జాల్ అజ్ జోర్ అనే మిట్ట సముద్రం వెంట సాగిపోతుంది. మనం ముత్లా అనేది అందులో భాగమే. ఎత్తు సుమారు 145 మీటర్లు. తిరుమల కొండలు చూసిన కళ్లకు అది గుట్టలా కూడా ఆనదు. కానీ ఇంత చదునైన దేశంలో అదే కొండ!

ఊరు ఎందుకు పుట్టింది?

ఒక్క మాటలో చెప్పాలంటే, నీళ్ల కోసం. కువైట్‌లో ఒక్క నది కూడా లేదు. ఏడాదికి కురిసే వాన సగటున 110–120 మిల్లీమీటర్లు. కరువుసీమ అని మనం చెప్పుకునే అనంతపురంలో కూడా సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే ఇక్కడ దాంట్లో అయిదో వంతు మాత్రమే. జహ్రా పల్లపు ప్రాంతం. చుట్టుపక్కల మెరక మీద పడిన ఆ కాస్త వాననీరూ ఇటు జారి, ఇసుకలోకి ఇంకేది. తక్కువ లోతులోనే బావి పడేది. అందుకే ఇక్కడ ఖర్జూర తోటలు, బార్లీ, పశువుల మేత, కూరగాయలు పండాయి. ఎడారిలో తిరిగే బెదూయిన్లు ఒంటెలకు నీళ్లు పెట్టుకోవడానికి ఇక్కడ ఆగేవారు. మన పల్లె చెరువు చుట్టూ పుట్టినట్టే ఈ పల్లె బావుల చుట్టూ పుట్టింది.

ఈ ప్రాంతానికి పాత పేరు కాజిమా. క్రీ.శ. 633లో ముస్లిం సేనలకూ పారశీకులకూ మధ్య జరిగిన "గొలుసుల యుద్ధం" ఈ చుట్టుపక్కలే జరిగింది. ఇంకా వెనక్కి వెళితే, అఖాతానికి ఉత్తరాన ఉన్న సుబియాలో ఏడు వేల ఏళ్ల నాటి మనుషుల ఇళ్లు బయటపడ్డాయి. రెల్లుతో కట్టి, పైన తారు పూసిన పడవ తాలూకు ముక్కలు కూడా దొరికాయి. 2019లో తెరిచిన షేక్ జాబర్ వంతెన ఆ సుబియాకే వెళుతుంది.

ఎర్రకోట

ఢిల్లీలోనే కాదు, జహ్రాలోనూ ఒక ఎర్రకోట ఉంది. ఎర్రమట్టితో కట్టారు కనుక అరబ్బీలో అల్ ఖసర్ అల్ అహ్మర్ అంటారు. 1920 అక్టోబరు 10న ఫైసల్ అల్ దవీష్ నాయకత్వంలో ఇఖ్వాన్ సేనలు జహ్రా మీద పడ్డాయి. కువైట్ పాలకుడు షేక్ సాలిం అల్ ముబారక్ తన మనుషులతో ఈ కోటలోనే నిలబడ్డారు. బయట శత్రువు, లోపల దాహం. చివరికి కువైట్ నుంచి సాయం వచ్చింది, దాడికి వచ్చినవారు వెనుదిరిగారు.

అదే ఏడాది కువైట్ నగరం చుట్టూ మట్టిగోడ కట్టారు. 1957లో దాన్ని కూల్చి, గుర్తుగా ద్వారాలను మాత్రం ఉంచారు. షెరటన్ రౌండబౌట్ దగ్గర మనం రోజూ చూసేది వాటిలోని జహ్రా ద్వారమే. ఈసారి అటు వెళితే పిల్లలకు చూపించండి.

నూనె వచ్చాక

1946లో చమురు ఎగుమతి మొదలైంది. 1953లో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు వచ్చింది. దాంతో మనుషులు బావిని వెతుక్కుంటూ వెళ్లే రోజులు పోయాయి. ఎడారి సంచారులకు ప్రభుత్వం ఇళ్లు కట్టించింది, పల్లె పట్నమైంది. ఎక్కువగా తోడేసరికి చాలాచోట్ల భూగర్భ జలం ఉప్పెక్కింది. అయినా ఈ గవర్నరేట్‌లోనే ఉత్తరాన రౌదతైన్ దగ్గర ఇసుక కింద మంచినీటి పొర దొరికింది. ఆ పేరుకు "రెండు తోటలు" అని అర్థం. బకాలాలో కొనే నీళ్ల సీసా మీద ఆ పేరే ఉంటుంది, చదివి చూడండి.

1991 ఫిబ్రవరి చివర్లో ఇరాక్ సైన్యం తిరుగుముఖం పట్టినప్పుడు ముత్లా దారి మీదే బాంబు దాడుల్లో వందలాది వాహనాలు కాలిపోయాయి. ఎంతోమంది చనిపోయారు. మనం పిక్నిక్‌కు వెళ్లే దారి అదే.

మన చేతులు కూడా

ఇరాక్ సరిహద్దు దగ్గర అబ్దలీ తోటలు కూడా జహ్రా గవర్నరేట్‌లోనివే. అక్కడి గ్రీన్‌హౌస్‌లలో టమాటాలు, దోసకాయలు పండించేవారిలో, ఎడారిలో గొర్రెలనూ ఒంటెలనూ కాసేవారిలో కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు. సొంత ఊళ్లో బోరు ఎండిపోయి పొలం బీడు పడితే, ఇక్కడికొచ్చి ఎడారిలో పైరు పెంచుతున్నారు. వాళ్ల పిల్లలు ఇక్కడ లేరు, మన బడికి రారు. ఊళ్లో అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో ఉండి ఫోను కోసం ఎదురుచూస్తుంటారు. జహ్రా కథ రాసేవారు ఈ చేతులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పిల్లలూ, మీకొక చిన్న పని. ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తాతయ్యనో అమ్మమ్మనో మూడు ప్రశ్నలు అడగండి. మన ఊరికి ఆ పేరెలా వచ్చింది? మొదట్లో నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు? ఇప్పుడా బావి, ఆ చెరువు ఎలా ఉన్నాయి? వాళ్లు చెప్పింది తెలుగులోనే ఒక పేజీ రాసుకుని రండి. జహ్రా కథ పక్కన మీ ఊరి కథ పెట్టి చదువుకుందాం.