బటన్లు బాదితే సరిపోదు.. ఎదుటోడిని చదవాలి!

* ఫైటింగ్ గేముల్లో కొత్తవాళ్లకు ఒడుపులు
* ఊరు చిన్నదైనా ఆటకు అడ్డు కాదు

నాగలమడిక (పావగడ): చేతికి కంట్రోలర్ అందగానే ఉన్న బటన్లన్నీ గబగబా నొక్కేయడం.. తెర మీద బొమ్మ గిర్రున తిరిగి నాలుగు తన్నులు తంతే కేకలు పెట్టడం.. ఆట తెలిసినవాడు ఎదురైన రోజు ఒక్క దెబ్బా తగిలించలేక కంట్రోలర్ పక్కన పడేయడం. ఫైటింగ్ గేములు కొత్తగా పట్టిన కుర్రాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. 1990ల చివర్లో వచ్చిన ‘టెక్కెన్ 3’ ఆడినవాళ్లను అడిగి చూడండి. ఎడ్డీ గోర్డో బొమ్మను ఎంచుకుని కాళ్ల బటన్లు బాదినోళ్లే ఎక్కువ. ఊరికే నొక్కినా వాడు పల్టీలు కొట్టి తన్నేవాడు మరి!

మూడు వైపులా ఆంధ్రా సరిహద్దు ఉన్న పావగడ తాలూకాలో, ఉత్తర పినాకిని ఒడ్డునున్న నాగలమడిక లాంటి ఊళ్లలో ఈ ఆటలంటే మోజు పడే పిల్లలకు ఒక దిగులుంటుంది. ‘‘పెద్ద గేమింగ్ సెంటర్లు బెంగళూరులో ఉంటాయి, హైదరాబాద్‌లో ఉంటాయి. ఈడ ఉండి మనమేం నేర్చుకుంటాం?’’ అని. ఆ దిగులు అక్కర్లేదు. ఈ ఆటలో ముందుకెళ్లాలంటే కావాల్సినవి రెండే. ఎందుకు ఓడిపోయామో తెలుసుకునే ఓపిక ఒకటి, పక్కన కూర్చుని ఆడే జోడీ ఒకటి. రెండూ ఊళ్లో దొరికేవే.

లాహోర్ నుంచి లాస్‌వెగాస్ దాకా..

ఇందుకు మంచి సాక్ష్యం మన పొరుగు దేశంలోనే ఉంది. పాకిస్థాన్‌లోని లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ సిద్ధిఖీ. ఆటల లోకంలో అర్స్‌లాన్ యాష్ అంటారు. వీధి పార్లర్లలో నాణేలేసి ఆడే మిషన్ల మీద ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’తో మొదలుపెట్టి తర్వాత ‘టెక్కెన్’కు మారాడు. 2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకువోకాలో జరిగిన ఈవో పోటీకి విమానాల ఇబ్బందులతో అలసిపోయి చేరాడు. అక్కడ అతడి పేరు విన్నవాళ్లు తక్కువ. అయినా కప్పు కొట్టాడు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని లాస్‌వెగాస్‌లో జరిగిన ప్రధాన ఈవో పోటీలోనూ గెలిచాడు. ఫైనల్లో ఓడించింది ఎవరినో కాదు, దక్షిణ కొరియాకు చెందిన ఆరితేరిన ఆటగాడు ‘నీ’ని.

ఇంత ఆట ఎక్కడ నేర్చాడని ప్రపంచమంతా ఆరా తీసింది. పాకిస్థాన్‌లో తనలాంటి గట్టి ఆటగాళ్లు ఇంకా ఉన్నారని అర్స్‌లాన్ జవాబిచ్చాడు. అదే అసలు రహస్యం. విదేశీ పోటీలకు పోలేని కుర్రాళ్లు ఒకచోట చేరి రోజూ ఒకరితో ఒకరు తలపడ్డారు. ఒకడు కొత్త ఎత్తు కనిపెడితే మర్నాటికి ఇంకొకడు దానికి విరుగుడు కనిపెట్టేవాడు. అలా అందరూ కలిసి పెరిగారు.

వయసు కూడా అడ్డు కాదు. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకు అప్పటికి 44 ఏళ్లు. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆ పోటీలో ఆడారు.

ముందు కాపు.. తర్వాతే దెబ్బ

గరిడీకి పోయిన పిల్లోడికి ఉస్తాదు మొదటి రోజే పెద్ద పట్లు చూపించడు. నిలబడటం, పడినా దెబ్బ తగలకుండా లేవడం నేర్పిస్తాడు. ఇక్కడా అంతే. కొత్తవాళ్లు వరసగా పది దెబ్బలు పడే కాంబోల వెంట పడతారు. కాంబో మొదలు కావాలంటే ముందు ఒక్క దెబ్బ తగలాలి కదా! ఆ ఒక్క దెబ్బ ఎలా తగిలించాలో, ఎదుటోడి దెబ్బ ఎలా కాచుకోవాలో తెలియకపోతే పది దెబ్బల కాంబో వచ్చినా దండగే.

ఈ ఆటలన్నిటికీ మూలం మూడు ముక్కల్లో ఉంది. కాపు వేసుకుంటే దెబ్బ ఆగుతుంది. కాపులోనే కూర్చున్నవాణ్ని పట్టుకుని విసిరేయొచ్చు. పట్టుకోవడానికి దగ్గరికొచ్చేవాణ్ని అంతకన్నా వేగమైన దెబ్బతో ఆపొచ్చు. ఏదీ అన్నిటికన్నా గొప్పది కాదు. ఎదుటోడు ఏం చేయబోతున్నాడన్న దాన్నిబట్టే మన ఎత్తు. పులి-మేక ఆడినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మేకను ఎక్కడ పెట్టాలన్నది పులి ఎటు దూకుతుందో చూసి పెట్టేదే.

కాపులోనూ తేడాలున్నాయి. ‘స్ట్రీట్ ఫైటర్’లో ఎదుటోడికి వ్యతిరేక దిశలో, అంటే వెనక్కి, నొక్కి పట్టుకుంటే కాపు పడుతుంది. వెనక్కి, కిందికి కలిపి పట్టుకుంటే కూర్చుని కాచుకుంటాడు. కాళ్లకు వచ్చే దెబ్బను కూర్చునే కాచుకోవాలి. పైనుంచి ఎగిరి వచ్చే దెబ్బను నిలబడి కాచుకోవాలి. ‘టెక్కెన్’లో అయితే నడుముకు వచ్చే దెబ్బ కూర్చున్నవాడికి తగులుతుంది. కాబట్టి అక్కడ ఎక్కువసేపు నిలబడి కాచుకోవడమే మేలు.

బటన్ల అర్థం కూడా ముందే తెలుసుకోవాలి. ‘టెక్కెన్’లో నాలుగు బటన్లు. రెండు చేతులకు రెండు, రెండు కాళ్లకు రెండు. ఇది తెలిస్తే బాదడం తగ్గుతుంది, ఆలోచన మొదలవుతుంది.

సెకనుకు అరవై బొమ్మలు

ఈ ఆటల్లో తెరమీద సెకనుకు 60 బొమ్మలు మారుతుంటాయి. ఒక్కోదాన్ని ఫ్రేము అంటారు. దెబ్బల వేగాన్నంతా ఆటగాళ్లు ఫ్రేముల్లోనే లెక్కేస్తారు. ‘టెక్కెన్’లో వేగంగా పడే మామూలు గుద్దు 10 ఫ్రేముల్లో తగులుతుంది. అంటే సెకనులో ఆరో వంతు. కంటితో చూసి చేయి కదలాలంటే మనిషికి దాదాపు పావు సెకను పడుతుంది. అంటే 15 ఫ్రేములు. చూసి ఆ గుద్దును ఆపడం ఎవరివల్లా కాదన్నమాట. ముందే ఊహించి కాపులో ఉండాల్సిందే.

అదే ‘స్ట్రీట్ ఫైటర్’లో ఎదుటోడు ఎగిరి మీదికి రావాలంటే దాదాపు ముప్పావు సెకను పడుతుంది. పైగా ఒకసారి ఎగిరాక మామూలుగా దారి మార్చుకోలేడు. ఇది చూసి కొట్టగలిగేదే. ఎగిరొచ్చేవాణ్ని గాల్లోనే కొట్టి పడేయడం ఒక్కటి నేర్చుకుంటే చాలు. ఊరికే ఎగురుతూ గెలిచే తోటి కొత్తవాళ్లలో సగం మంది దారికొస్తారు.

ఏది చూసి ఆపాలి, ఏది ఊహించి ఆపాలి? ఈ తేడా తెలిసిన రోజు నుంచే ఆట మారుతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. పెద్ద దెబ్బ కొట్టి అది కాపు మీద పడితే కొట్టినవాడు కాసేపు ఇరుక్కుపోతాడు. ఆ సందులో మన గుద్దు పడాలి. ఎదుటోడు పదే పదే వాడే దెబ్బ ఇలాంటిదో కాదో ప్రాక్టీస్ మోడ్‌లో చూసుకోవచ్చు. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో, 2024లో వచ్చిన ‘టెక్కెన్ 8’లో ఇందుకు మంచి ఏర్పాట్లున్నాయి. పాత ‘టెక్కెన్ 3’లోనూ ప్రాక్టీస్ మోడ్ ఉంది.

ఓటమికి లెక్క రాయాలి

కొత్తవాళ్లు ఓడిపోగానే చేసే పని ఇంకో ఆట మొదలుపెట్టడం. కోపంగా ఆడితే మళ్లీ అదే తప్పు, మళ్లీ అదే ఓటమి. అలా గంటలు గడుస్తాయి గానీ ఆట పెరగదు. ఓడిన వెంటనే ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఏ దెబ్బ ఎక్కువసార్లు తగిలింది?’ జవాబు ఒక పాత నోటుబుక్కులో రాసుకోండి. మర్నాడు ఆ ఒక్క దెబ్బకే విరుగుడు చూడండి. పది తప్పులు ఒకేసారి దిద్దాలని కూర్చుంటే ఒక్కటీ కుదరదు.

బొమ్మల్ని రోజుకొకటి మార్చడం ఇంకో జబ్బు. ఓడిన ప్రతిసారీ ‘ఈ బొమ్మ బాగాలేదప్పా’ అని ఇంకోటి ఎంచుకుంటారు. కనీసం నెల రోజులు ఒకే బొమ్మతో ఆడాలి. దాని చేయి ఎంత దూరం పోతుంది, ఏ దెబ్బ వేగమైంది, ఏది కాపు మీద పడినా ప్రమాదం లేనిది.. ఈ మూడూ చేతికి అలవాటైతే మెదడు ఎదుటోడిని చూడటానికి ఖాళీ అవుతుంది.

జోడీ ఉంటేనే ఆట

కంప్యూటర్‌తో ఎంత ఆడినా కొంతవరకే. దానికి భయం లేదు, తొందర లేదు, మోసపోవడం లేదు. మనిషికి ఇవన్నీ ఉంటాయి. ఫోన్లో ‘షాడో ఫైట్ 2’ ఆడేవాళ్లు ఇది గమనించాలి. అందులో ఎక్కువగా కంప్యూటర్‌తోనే పోరు. చేతికి వేగం వస్తుంది గానీ మనిషిని చదవడం రాదు.

నెట్‌లో ఆడదామంటే సిగ్నల్ ఇబ్బంది. సమాచారం సెకనులో పదో వంతు ఆలస్యమైనా 6 ఫ్రేములు పోయినట్టే. అందుకే పక్కపక్కన కూర్చుని ఆడే ఆటకు సాటి లేదు. ఒక పాత కన్సోల్, రెండు కంట్రోలర్లు, ఇంట్లో ఉన్న టీవీ చాలు. నలుగురు స్నేహితులు కలిసి కొంటే భారం కూడా తగ్గుతుంది. గెలిచినవాడు ఎలా గెలిచాడో ఓడినవాడికి చెప్పాలి. దాచుకుంటే జోడీ బలహీనపడుతుంది. జోడీ బలహీనపడితే మన ఆటా అక్కడే ఆగిపోతుంది.

పందెం ఆటలు వేరు

పెద్దల భయం ఇంకొకటి. ఫోన్లో ఆట అనగానే డబ్బులు పోగొట్టుకునే రమ్మీ, బెట్టింగ్ యాప్‌లు గుర్తొస్తాయి. సరిహద్దు ఊళ్లలో ఈ విషయం కొన్నేళ్లు గందరగోళంగానే నడిచింది. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. కర్ణాటక 2021లో చట్టం తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. గట్టుకు అటు ఒక తీరు, ఇటు ఒక తీరు! 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఒకే చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని అది నిషేధించింది. పందెం లేని ఈ-స్పోర్ట్స్‌ను ఆటగా గుర్తించింది. పిల్లోడు ఏ ఆట ఆడుతున్నాడో పెద్దలు ఒకసారి పక్కన కూర్చుని చూస్తే తేడా తెలిసిపోతుంది. వీలైతే రెండో కంట్రోలర్ పట్టుకోండి. పిల్లలకు అంతకన్నా సంబరం ఉండదు.

రోజుకు అరగంట ఇలా..

* పది నిమిషాలు ప్రాక్టీస్ మోడ్. ఒకే దెబ్బ, ఒకే కాపు. రెండు వైపుల నుంచీ చేయాలి.
* పావుగంట జోడీతో ఆట. గెలుపు లెక్క పక్కనపెట్టి ఆ రోజు నేర్చిన ఒక్క విషయాన్నే వాడాలి.
* ఐదు నిమిషాలు నోటుబుక్కు. ఎందుకు ఓడామో ఒక్క వాక్యం.
* వరసగా మూడు ఆటలు ఓడితే లేచి నీళ్లు తాగాలి. కోపంలో చేయి పాత అలవాటుకే పోతుంది.
* పరీక్షల రోజుల్లో కంట్రోలర్ అటక మీద ఉండాలి. ఆట ఎక్కడికీ పోదు.