మ్రానికొమ్మల ఆదివారమున వచ్చిన సుడిగాలి

దేవుని మందిరములో ఉన్నవారికి ఏ ఆపదా రాదని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. మరి మందిరములోనే, అదీ ఆరాధన జరుగుతుండగానే ఆపద వస్తే ఏమని చెప్పగలము? అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రాల సంఘాలకు 1994లో ఈ ప్రశ్న ఎదురైంది.

ఆ సంవత్సరం మార్చి 27 మ్రానికొమ్మల ఆదివారము. ఆ దినమున అలబామా, జార్జియా, ఉత్తర, దక్షిణ కరొలైనా మొదలైన ఇరుగుపొరుగు రాష్ట్రాలలో ఒకదాని వెంట ఒకటి 29 సుడిగాలులు లేచాయి. 40 మంది మరణించారు.

ఎండాకాలములో మన పొలాలలో లేచే సుడిగాలి కాస్త దుమ్ము లేపి అణగిపోతుంది. అక్కడివారు టొర్నడో అని పిలిచేది వేరు. మెక్సికో సింధుశాఖ నుండి వచ్చే వెచ్చని తేమగాలి మీదుగా చల్లని పొడిగాలి వీచినప్పుడు పెద్ద ఉరుముల మేఘాలు పుడతాయి. నేల దగ్గర గాలి ఒక దిక్కునకు, పైన మరొక దిక్కునకు ఇంకా వేగముగా వీస్తే మేఘమే గిరగిర తిరుగుతుంది. దానినుండి ఏనుగు తొండములాంటిది నేలకు దిగుతుంది. మన తీరానికి వచ్చే తుఫాను రోజుల తరబడి సముద్రము మీద ప్రయాణము చేసి వస్తుంది. టొర్నడో సంగతి నిమిషాల ముందు గాని తెలియదు.

అలబామాలో పీడ్‌మాంట్ పట్టణము దగ్గర గోషెన్ యునైటెడ్ మెథడిస్టు సంఘము ఉన్నది. ఆ ఉదయము పెద్దలు, పిల్లలు కలిసి మందిరములో నాటిక ప్రదర్శిస్తున్నారు. 11 గంటల 30 నిమిషాలు దాటిన తరువాత సుడిగాలి మందిరమును కొట్టింది. గోడ కూలి, పైకప్పు సంఘము మీద పడింది. 20 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. వారిలో చిన్నపిల్లలు ఉన్నారు. సంఘ కాపరి రెవరెండ్ కెల్లీ క్లెమ్‌గారి నాలుగేండ్ల కుమార్తె వారిలో ఒకతె.

ఐగుప్తు అంతటా వడగండ్లు కురిసినా గోషెను దేశములో కురియలేదని నిర్గమకాండములో చదువుతాము. ఆ పేరు పెట్టుకున్న సంఘానికే ఇట్లా ఎందుకు జరిగింది? వారి పాపమేమో అని తొందరపడి చెప్పే నోళ్ళు ఏ ఊరిలోనైనా ఉంటాయి. సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మందిని గూర్చి ప్రభువు లూకా సువార్త 13వ అధ్యాయములో ఏమి చెప్పారో అట్టివారు చదవాలి. చనిపోయినవారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ఆయన స్పష్టముగా చెప్పారు. ఏలీయా ముందు బలమైన గాలి విసరినప్పుడు యెహోవా ఆ గాలిలో లేడని కూడా మన గ్రంథమే చెబుతున్నది.

మరి ఆయన ఎక్కడ ఉన్నాడు? తరువాతి ఆదివారము, ఏప్రిల్ 3, పునరుత్థాన పండుగ. ముఖము మీద గాయాలు ఇంకా మానకముందే ఆ కాపరి, కూలిన మందిరము దగ్గర సూర్యోదయ ఆరాధన జరిపించారు. బిడ్డను సమాధి చేసిన తల్లి పునరుత్థానమును ప్రకటించింది. “ఎందుకు?” అనే ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉన్నదని మేము అనము. జవాబు లేకుండానే ఆమె తన సంఘముతో కలిసి నిలబడింది. దేవుడు అక్కడ ఉన్నాడని మేము నమ్ముతున్నాము.

ఈ సంగతిలో మరొక పాఠమున్నది. సుడిగాలి మందిరమును తాకడానికి సుమారు పది నిమిషాల ముందే వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చింది. లోపల ఆరాధనలో ఉన్నవారికి అది అందలేదు. అప్పటి ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ ఆ స్థలమును దర్శించారు. ఆ తరువాత హెచ్చరికల రేడియో ప్రసారాలను మారుమూల ప్రాంతాలకు విస్తరించే పని చేపట్టారు.

హెచ్చరిక విలువ మన తీరప్రాంతాలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాదిమంది కొట్టుకుపోయారు. 1990 మే నెలలో భయంకరమైన తుఫానే వచ్చినా, లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించినందున మృతుల సంఖ్య వెయ్యిలోపే ఉన్నది.

వేసవిలో మనము పందిళ్ళ క్రింద, రేకుల షెడ్లలో కూటాలు పెట్టుకుంటాము. సాయంకాలమయ్యేసరికి గాలివాన, పిడుగులు వస్తాయి. కూటము జరుగుతున్నంతసేపు సంఘపెద్దలలో ఒకరు ఆకాశమును, హెచ్చరికలను కనిపెట్టి చూడాలి. ఇప్పుడు అవి సెల్‌ఫోనుకే వస్తున్నాయి. ఉరుము వినబడగానే ప్రసంగము ఆపి, తల్లులను, పిల్లలను, వృద్ధులను గట్టి కట్టడములోనికి చేర్చాలి. చెట్ల క్రిందికి పోనియ్యరాదు. ఇది అవిశ్వాసము కాదు. నోవహు దేవుని మాట విని వాన రాకముందే ఓడ కట్టాడు, అది విశ్వాసమే.

ఈ వేసవి కూటాలకు పందిరి వేసే ముందే, గాలివాన వస్తే ఎక్కడికి వెళ్ళాలో సంఘమంతా కూర్చుని నిర్ణయించుకొనండి. పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. ప్రభువు మీ కుటుంబములను కాపాడును గాక.